నలభయ్యో శిలువ

సమాధుల పండుగ మర్నాడు పొద్దున్నే మా వీధిలో ఏ తలుపు చూసినా తాళం కన్నంలో పిండి కుక్కి ఉంటుంది. పిండిలో పాలు పోసి, సోంపూ పంచదారా వేసి గాచాస్ వండుకుని తింటాం. గిన్నె అడుగున మిగిలిన ముద్దని వేలితో తీసి తాళం కన్నానికి అదిమేస్తాం. పోయినవాళ్ళు ఆ పూట ఊళ్ళోకి వస్తారట, కన్నంలోంచి దూరి ఇంట్లోకి రాకూడదట. తీపి పిండి కదా, తెల్లారేసరికి చీమలు బారులు కడతాయి. మా తబెర్నాస్‌ ఊళ్ళో అందరి తలుపులకీ చీమలుండేవి, ఒక్క కుస్తోదియో తలుపుకి తప్ప. ఆయన తాళం కన్నాన్ని గుడ్డపేలికతో తుడిచి, పైగా రెండు చుక్కల ఆలివ్ నూనె కూడా వేసి ఉంచేవాడు.

"చచ్చినవాళ్ళకి తలుపు కిర్రుమనకుండా నూనె వేశాడ్రోయ్ మన వడ్రంగి" అని నా బార్లో కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను వాళ్ళ గ్లాసులు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టేదాన్ని. కొన్ని ఏళ్ళు నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. ఆయన పోయి ఇది రెండో పండుగ. ఇప్పుడు ఆ వీధిలో చీమలు పట్టని తలుపు నాది.

కుస్తోదియో ఉసెరో నాకేమవుతాడని అడిగితే చెప్పడం కష్టం. నేనాయన్ని బావగారూ అని పిలిచేదాన్ని, ఆయన నన్ను గాదోర్ అని పేరు పెట్టే పిలిచేవాడు. ఆయన తమ్ముడు ఇందలేసియోకీ నాకూ పెళ్ళనుకున్నారు. పెళ్ళి కాలేదు. పిలుపు మాత్రం మిగిలింది. తర్వాత నేను ఇంకొకర్ని చేసుకున్నాను, కూతుర్ని కన్నాను, మొగుణ్ణి సాగనంపాను. ఆ మహానుభావుడు కూడా "నీ బావగారికి కాస్త సూప్ పంపించు, వంటేం చేసుకుంటాడు పాపం" అనేవాడే గాని, ఏనాడూ మొహం ముడుచుకోలేదు.

పండుగ నాడు ఊరంతా చేమంతులు పట్టుకుని అసలు శ్మశానానికి పోతే, కుస్తోదియో రంగు డబ్బా పట్టుకుని ఊరి బయట ఎర్రమట్టి దిబ్బల్లోకి పోయేవాడు. అక్కడ ఒకప్పుడు సినిమా వాళ్ళు వేసిన అమెరికా పల్లెటూరు ఉంది. దాని వెనకాల గుట్ట మీద నలభై చెక్క శిలువలు. కింద ఎముక ముక్క కూడా లేదు. వాటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ఏడ్చేవాడు. "ఉత్తుత్తి గోరీల మీద నిజం ఏడుపు" అని ఊళ్ళో దానికో సామెతే పుట్టింది.

అరవైల్లో సంగతి ఇది. ఇటలీ వాళ్ళు, జర్మనీ వాళ్ళు, ఫ్రాన్సు వాళ్ళు మా ఎండని వెతుక్కుంటూ వచ్చి గుర్రాల సినిమాలు తీసేవాళ్ళు. గొర్రెల కాపరులు మెక్సికో బందిపోట్లయ్యారు. జిప్సీలకి ఈకలు పెట్టి రెడ్ ఇండియన్లని చేశారు. మా అమ్మ పదకొండు సినిమాల్లో విధవ, అప్పటికి మా నాన్న రాయిలా ఉన్నాడు. కుస్తోదియో వాళ్ళకి ఇళ్ళు కట్టేవాడు. ముందు గోడ ఉంటుంది, వెనక ఇల్లుండదు. నేను బట్టలు ఉతికేదాన్ని. రోజూ బుట్టల కొద్దీ నెత్తురు చొక్కాలు. ఉత్తుత్తి నెత్తురంటే చక్కెర పాకంలో ఎర్ర రంగు, వేడినీళ్ళు పోస్తే ఇట్టే పోతుంది. నిజం నెత్తురు అలా కాదు, వేడినీళ్ళు తగిలితే బట్టకి ఇంకా పట్టేస్తుంది. చన్నీళ్ళలోనే నానబెట్టాలి.

ఇందలేసియో పని పడటం. గుర్రం మీంచి, మిద్దె మీంచి, మెట్ల మీంచి, హీరో ఎక్కడ పడాలన్నా హీరో టోపీ పెట్టుకుని వీడు పడేవాడు. ఇరవై రెండేళ్ళవాడు, ఒంటి నిండా నీలం మచ్చలు. షాట్ అయిపోగానే అసిస్టెంటు రేకు బాకా నోటికి పెట్టుకుని కేకేసేవాడు: "చచ్చినవాళ్ళూ, లేవండి! భోజనానికి పదండి!" అప్పుడు వీధి నిండా పడి ఉన్న శవాలన్నీ లేచి, ఒళ్ళు దులుపుకుని, రొట్టె మూటల కోసం పరుగెత్తేవి. ఇప్పటికీ మా ఊళ్ళో పొద్దెక్కేదాకా పడుకున్న మొగుణ్ణి ఆ మాటతోనే లేపుతాం.

ఇందలేసియో మాత్రం ఆ కేకకి లేచేవాడు కాదు. అందరూ లేచాక కూడా చచ్చినట్టే పడి ఉండి, ఎవరన్నా కంగారు పడతారేమోనని ఒక కన్ను సగం తెరిచి చూసేవాడు. నేను ఉతికే రేవు దగ్గర్నుంచి ఓ గులకరాయి తీసి విసిరేదాన్ని. "లే, చాల్లే వేషాలు." అప్పుడు లేచేవాడు. అది మా సరసం.

అందమైనవాడే, పనిమంతుడే. కాని నాకు ఇరవై ఏళ్ళు, నోరు దురద. అల్మెరియా పట్నంలో, తను పడిన ఓ సినిమా మొదటి ఆటకి తీసుకెళ్ళాడోసారి. చివర్న పేర్లు పడుతున్నాయి. నటుల పేర్లు, గుర్రాలు ఇచ్చినవాడి పేరు, టోపీలు కుట్టినవాడి పేరు. నేను తలతిప్పి అడిగాను. "రెండేళ్ళుగా పడుతున్నావు, లేస్తున్నావు. మరి నీ పేరేదీ? ఎక్కడుందో చూపించు." నవ్వాడు. నేను వదల్లేదు, ఊరికి తిరిగొచ్చే బస్సులో కూడా సాధించాను. మర్నాడూ సాధించాను. "పేరు లేనివాణ్ణి చేసుకుని నేనేం చెప్పుకోవాలి?" అన్నాను. ఈ మాట అన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, చేసుకున్నవాడికి కూడా.

ఆ తర్వాతి మంగళవారం దర్శకుడికి ఓ శ్మశానం కావాలనిపించింది. తెల్లారేసరికి గుట్ట మీద నలభై శిలువలు లేవాలి, ప్రతిదాని మీదా ఏదో ఒక విదేశీ పేరుండాలి అన్నాడు. చెక్కలు కోయడం కుస్తోదియోకి లెక్క కాదు. పేర్లెక్కణ్ణుంచి వస్తాయి? ఆయనకి చదువు అంతంతమాత్రం. షెడ్డులో గోడకి ఒక కాగితం అంటించి ఉంది, దాని మీద ముప్పై తొమ్మిది విదేశీ పేర్లు. అది సెట్లో వండిన భోజనం ఎవరెవరికి పెట్టాలో రాసిన జాబితా. దర్శకుడు, నటులు, కెమెరా వాళ్ళు, జుట్టు దువ్వేవాళ్ళు. మా ఊరివాళ్ళం రొట్టె ఇంటినుంచే తెచ్చుకుంటాం కాబట్టి మా పేర్లు అందులో లేవు. ఆయన చూసి చూసి ఆ ముప్పై తొమ్మిదీ శిలువల మీదకి ఎక్కించేశాడు. అంటే బతికున్నవాళ్ళందరికీ పేరు పేరునా గోరీ కట్టేశాడు.

నలభయ్యోది ఖాళీ. మధ్యాహ్నం ఇందలేసియో వచ్చి చూశాడు. అక్కడున్న ఇంకో వడ్రంగి ఆ మాటలు నాకు తర్వాత చెప్పాడు.

"అన్నా, దీని మీద నాది రాయి."

"నోర్ముయ్యరా. బతికున్నవాడి పేరు శిలువ మీద రాస్తారా ఎవరన్నా?"

"మరి ఈ ముప్పై తొమ్మిది మందీ నిన్న పోయారా?"

కుస్తోదియో కుంచె దులిపి, "నీది విదేశీ పేరు కాదు కదరా" అన్నాడు.

"గుర్రాలకి చదువు రాదులే, రాసెయ్. ఎక్కడో ఒకచోట పడనీ నా పేరు."

రాసేశాడు. మర్నాడు దర్శకుడొచ్చి మొదటి శిలువ మీద తన పేరు చూసి, ఇటలీ వాడు కదా, కీడు తగలకుండా ఇనుము పట్టుకోవాలని జేబులో తాళాల గుత్తి కోసం తడుముకున్నాడు. అరిచాడు, తిట్టాడు, తర్వాత నవ్వాడు. దూరం నుంచి ఎవరికి కనపడతాయి, ఉండనీ అన్నాడు.

శుక్రవారం పెద్ద షాట్. పన్నెండు మంది చావాలి. ఇందలేసియో దౌడు మీదున్న గుర్రం మీంచి తవ్వి మెత్తచేసిన ఇసుకలో పడాలి. గుర్రం ఒక్క అడుగు పక్కకి తొక్కింది. అంతే. ఎవరి తప్పూ కాదు. దుమ్ము లేచింది, తుపాకులు ఆగాయి, "బ్రహ్మాండం!" అని దర్శకుడు చప్పట్లు కొట్టాడు. రేకు బాకా కేకేసింది: "చచ్చినవాళ్ళూ, లేవండి!" పదకొండు మంది లేచారు.

అందరూ నవ్వారు. వీడి వేషాలు తెలిసినవే కదా. నేనూ నవ్వాను. గులకరాయి తీసి విసిరాను. భుజానికి తగిలింది. "లే, చాల్లే" అన్నాను. ఇంకోటి కూడా విసిరాను. నా చేతికి ఆనాడు పక్షవాతం వచ్చినా బాగుండేది. కుస్తోదియో చేతిలోని సుత్తి పడేసి పరుగెత్తడం చూశాకే నాకు అర్థమైంది.

సాయంత్రానికి బట్టల బుట్ట మామూలుగానే నా దగ్గరకొచ్చింది. అందులో ఆ చొక్కా కూడా ఉంది, ఎవరో చూసుకోకుండా వేసేశారు. నేను దాన్ని చన్నీళ్ళలో నానబెట్టాను.

సినిమా విడుదలైంది. ఆ పడటం అందులో ఉంది. అది చూసి జనం ఈలలు వేశారట. నేను చూడలేదు. చివర్న గుర్రాలిచ్చినవాడి పేరు మళ్ళీ పడిందట.

సినిమాలు వెళ్ళిపోయాయి. ఇళ్ళ ముందు గోడలు ఎండకి చిట్లాయి. కుస్తోదియో మాత్రం ఆ శిలువలని వదల్లేదు. చెక్క పుచ్చితే కొత్తది దిగ్గొట్టేవాడు, పేరు మళ్ళీ రాసేవాడు. పేపర్లోనో రేడియోలోనో ఆ జాబితాలో ఒకరు పోయారని తెలిస్తే ఆ రోజు పని మానేసి గుట్ట మీదకి పోయి, పేరు కింద సంవత్సరం రాసి వచ్చేవాడు. ఇంకా బతికున్నవాళ్ళ శిలువలకి గోనెపట్టా చుట్టి తాడుతో కట్టేవాడు. ఎందుకయ్యా అంటే, "మృత్యువు కూడా చదవగలదు గాదోర్, దానికి అందకుండా దాచాలి" అనేవాడు.

"బావగారూ, ఆ దర్శకుడు ఎనభై రెండేళ్ళకి పోయాడు. అదీ మీ కుంచె చంపిందేనా?"

"కుంచెకి తొందరేముంది? ఒకణ్ణి మూడు రోజుల్లో తీసుకెళ్ళింది, మిగతావాళ్ళకి తాపీగా వచ్చింది."

ఇలాంటివాడితో ఏం వాదిస్తాం? పెళ్ళి చేసుకోలేదు. ఆ పాత పేర్లు తప్ప ఇంకెవరి పేరూ కాగితం మీద కూడా రాసేవాడు కాదు. పోస్టు కవరు మీద చిరునామా రాయాలన్నా నా దగ్గరకి తెచ్చేవాడు. నలభయ్యో శిలువ మీద పేరు ఆ శుక్రవారం సాయంత్రమే ఉలితో గీకి చెరిపేశాడు. ఆ చెక్క పుచ్చాక వేసినవి కూడా ఖాళీగానే ఉంచాడు. నేను ఆ పేరుని అక్కడ ఎప్పుడూ చూడలేదు. ఆ భయానికే చెరిపేశాడనుకున్నాను.

రెండేళ్ళ కిందట, సరిగ్గా యాభై ఏళ్ళకి, వోల్క్‌మార్ అనే జర్మనీ బడిపంతులు వచ్చాడు. రిటైరైన మనిషి, ఎండకి ముక్కు ఎర్రబడి ఉంది. ఏటా ఈ గుర్రాల సినిమాల అభిమానులు నాలుగైదు దేశాల నుంచి కూడుకుని, పోయిన నటులనీ దర్శకులనీ తలుచుకుంటారట. ఈసారి మా గుట్ట మీదే చేద్దామని, వాళ్ళ పేర్లు రాసుకున్న కాగితం పట్టుకుని వచ్చాడు. మా భాషని పుస్తకంలోంచి చదివినట్టు మాట్లాడేవాడు.

"అయ్యా, ఈ శిలువలపై నామములు కల్పితములా?" అన్నాడు.

"కల్పితాలు నీ కాగితంలో ఉన్నాయి" అన్నాడు కుస్తోదియో.

నిజమే. అప్పట్లో పోస్టర్ల మీద ఇటలీ వాళ్ళంతా అమెరికా పేర్లు పెట్టుకునేవాళ్ళు. ఆ పంతులు కాగితం నిండా అవే. కుస్తోదియో ఒక్కొక్క శిలువా చూపించాడు. నువ్వు డల్లాస్ రీడ్ అంటున్నవాడు వీడు, విట్టోరియో స్కాల్జి, మంగలి కొడుకు, ఉల్లిపాయ పడేది కాదు. నీ సామ్ విన్‌ఫీల్డ్ ఇదిగో, రుజ్జేరో తస్సినారి, కోపమొస్తే టోపీ తొక్కేవాడు, సాయంత్రం దాన్ని తనే తుడుచుకునేవాడు. ఈ పిల్ల జుట్టు దువ్వేది, ప్రతి చచ్చినవాడికీ లేచాక దుమ్ము దులిపి ముద్దు పెట్టేది. భోజనం జాబితాలో ఎవరూ దొంగపేరు రాయించుకోరు కదా. పంతులు కాళ్ళు మడిచి నేల మీద కూలబడి, తన కాగితం చింపేశాడు.

"పండుగ నాడు ఇచ్చట ఏ పేర్లున్నవో వానినే చదివెదము" అన్నాడు. మళ్ళీ చుట్టూ చూసి, "ఈ ఒక్కటి రిక్తముగా ఉన్నదేమి?" అన్నాడు.

కుస్తోదియో రంగు డబ్బా మూత పెట్టి, పంతులు మొహం కూడా చూడకుండా గుట్ట దిగి వెళ్ళిపోయాడు. నేనే చెప్పాను అంతా. పంతులు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "లిఖించిన చదివెదను, లిఖించనిచో ఆ పేరు నా నోట రాదు, అది అన్నగారి నిర్ణయము" అన్నాడు.

పండుగకి ఇంకా నాలుగు రోజులే. నాలుగు దేశాల వాళ్ళ ముందు ఇందలేసియో పేరు ఒక్కసారి పలకాలి. యాభై ఏళ్ళలో నేను కోరుకున్నది అదొక్కటే. రోజూ పొద్దున్నే ఆయన షెడ్డుకి వెళ్ళి చూసేదాన్ని. కొత్త శిలువ నున్నగా చిత్రిక పట్టి బల్ల మీద ఉండేది. కుంచె పొడిగా ఉండేది.

మూడోరోజు ఇక ఆగలేకపోయాను. "బావగారూ, ఇంకా తడి కూడా తగల్లేదేం దీనికి?"

"నా వల్ల కాదు గాదోర్. ఆ పేరు ఈ చేత్తో ఒకసారి రాశాను. మూడోనాటికి ఈ భుజంతో మోశాను."

"ఇటివ్వండి, నేను రాస్తా."

"నీ రాత కోడి గెలికినట్టుంటుంది. వాడు నవ్వుతాడు."

అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. ఆ మొదటి ఆట, ఆ బస్సు, పేరేదీ పేరేదీ అని నేను సాధించడం, పేరు లేనివాణ్ణి చేసుకుని ఏం చెప్పుకోవాలన్న మాట. "వాడు మీ దగ్గరకొచ్చి రాయమని అడిగింది నా మూలాన. చంపింది మీ కుంచె కాదు, నా నోరు. యాభై ఏళ్ళు మిమ్మల్ని ఏడవనిచ్చి నేను బార్లో కాఫీలు పోస్తూ కూర్చున్నాను." చెక్క పొట్టు మీదే కూర్చుండిపోయాను.

ఆయన కుంచె వెంట్రుకలు వేలితో సర్దాడు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"వాడు చెప్పాడు. రంగు ఆరేదాకా ఇక్కడే కూర్చున్నాడు. ఆదివారం గాదోర్‌ని తీసుకొస్తా, పేరెక్కడుందో చూపించమని నన్ను తినేస్తోంది, ఇదిగో అని చూపిస్తా, అప్పుడు దాని మొహం చూడాలి అన్నాడు. ఒకటే నవ్వు."

"మరి చెరిపేశారేం?"

"ఆదివారం నువ్వొస్తావేమోనని."

ఆయన కుంచె బల్ల మీద పెట్టాడు.

"వచ్చి చూస్తే నీకు తెలిసిపోతుంది, ఎవరి కోసం రాయించుకున్నాడో. ఇరవై ఏళ్ళ పిల్లవి. నాకైతే పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, ఒక బరువు మోస్తే పోయేదేముంది? ఇద్దరం మొయ్యడం దేనికి అనుకున్నా. నువ్వూ మోస్తున్నావని నాకేం తెలుసు గాదోర్? చెప్తే కదా తెలిసేది."

ఒకే వీధిలో, నాలుగిళ్ళ దూరంలో, ఆయన నా కోసం దాచాడు, నేను ఆయనకి దాచాను. సూప్ గిన్నె ఇటూ అటూ తిరిగింది గాని ఆ మాట తిరగలేదు. నేను ఆయన మోకాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు, చేతి నిండా చెక్క పొట్టు ఉందన్న సంగతి మర్చిపోయి.

పండుగ నాడు పొద్దున్న గుట్ట మీద నూట యాభై మంది దాకా జనం. దూరదేశాల వాళ్ళు పెద్ద టోపీలు పెట్టుకుని వచ్చారు. మా ఊళ్ళో ఆనాటి శవాల్లో ఐదుగురు మిగిలారు, కర్రలు ఊనుకుంటూ వాళ్ళూ వచ్చారు. ఉత్తుత్తి గోరీలని నవ్విన ఊరు ఆ రోజు చేమంతులు రెండు భాగాలు చేసుకుని ఒక భాగం ఇక్కడికి తెచ్చింది. గోనెపట్టా కట్టిన మూడు శిలువలు వదిలేసి వోల్క్‌మార్ ఒక్కొక్క పేరూ చదివాడు. పేరు పేరుకీ టోపీలు దిగాయి. ముప్పై ఆరు అయ్యాయి. ముప్పై ఏడోది నలభయ్యో శిలువ. నల్లరంగు ఇంకా కాస్త తడిగా ఉంది, రాత కుస్తోదియోదే.

"ఇందలేసియో ఉసెరో" అని చదివాడు పంతులు, తప్పు లేకుండా.

టోపీలు మళ్ళీ దిగాయి. అప్పుడు కుస్తోదియో, ఎనభై ఒక్కేళ్ళవాడు, రెండు చేతులూ నోటి చుట్టూ బాకాలా పెట్టుకున్నాడు. కేకేశాడు.

"చచ్చినవాళ్ళూ, లేవండి! భోజనానికి పదండి!"

ఆ ఐదుగురు ముసలివాళ్ళూ మొహాలు కప్పుకున్నారు. దూరదేశాల వాళ్ళకి మాట తెలియకపోయినా ఎవరూ కదల్లేదు. నేను నలభయ్యో శిలువ వైపే చూస్తున్నాను, ఒక కన్ను సగం తెరుచుకుంటుందేమోనని. ఎప్పుడు తీశానో తెలియదు, నా చేతిలో ఒక గులకరాయి ఉంది.

విసరలేదు. దగ్గరికి వెళ్ళి శిలువ మొదట్లో పెట్టాను. ఆ తర్వాత తలెత్తి మొదటి అక్షరం నుంచి చివరిదాకా నెమ్మదిగా చదివాను.

"చూశాను" అన్నాను. "బాగుంది నీ పేరు."